తోక లేని తేలు

పార్క్ స్ట్రీట్ వెనక సందులో కొత్తగా టాటూ దుకాణం తెరిచిన బెంగాలీ దాదా, పొడిపించుకునేవాళ్ళు సంతకం పెట్టడానికి ఒక ఫారం తయారుచెయ్యమని, ఫారాలు టైపు చేసిపెట్టే నాకు చెప్పాడు. ఆయన చెప్పినవన్నీ దుకాణాన్ని కాపాడే మాటలే. చీము పడితే మాకు సంబంధం లేదు, రంగు మారితే మాకు సంబంధం లేదు! ఒళ్ళుమండి, నది అవతల టికియాపారాలో మా ఇంటికొచ్చి అమ్మమ్మ తవిటమ్మకు చదివి వినిపించాను.

"ఆపమంటే ఆపుతారని రాయనేదేటే?" అంది.

అమ్మమ్మ ముంజేతి మీది పచ్చబొట్టు తేలుకు తోక లేదు. దాని తీరే అంత అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"మా యమ్మా, మేనత్తా నా సెయ్యి గట్టిగా అట్టీసుకున్నారు. నాను ఏడుత్తంటే, పొడిసే ముసిల్ది సూది కింద ఎట్టీసింది. పిల్ల వద్దంతంది, నాను పొడవనని లేసెల్లిపోనాది. మా యమ్మ దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది."

ఫారంలో అన్నిటికన్నా పైన రాశాను: "వద్దనిపిస్తే ఎప్పుడైనా చెప్పండి, ఆపేస్తాం." దాదా ఒప్పుకోకపోతే ఫారం వేరేవాళ్ళ చేత చేయించుకోవచ్చు. ఆ వాక్యం అమ్మమ్మకు చదివి వినిపించాను.

అమ్మమ్మ తేలును బొటనవేలితో చాలాసేపు నిమిరింది.

"ఆడు తోక పొడుత్తాడేటే? ఇప్పుడు నాకే కావాలనుంది."