కప్పు మీద కంత

మా వదినది గబ్బిలాల చదువు. ఈ దీవి గుహలో ఎండాకాలం రెండే రకాలుంటాయి. వానలు పడి అడవిలో పళ్లు పండితే, పక్క దీవుల నుంచి ఇంకెన్ని రకాలు వచ్చి చేరతాయన్నది ఆవిడ పరిశోధన. సంచులు మోసే గాడిద చాకిరీ మాత్రం ఆడపడుచుని, నాది.

గుహకి సముద్రం వైపు ఒక ద్వారం, కప్పులో మనిషి పట్టేంత కంత. ద్వారానికి వల కట్టి కంత మూసేస్తే, సాయంత్రం అన్ని రకాలూ వల్లోకే వస్తాయి. మూసే పని పడవ నడిపే మా అన్నయ్యది.

"ఒక్కటి కూడా పైనుంచి పోకూడదు. వానొస్తే మేం ఒడ్డున పాకలోకి పోతాం, నువ్వు మాత్రం కదలకు," అంది వదిన.

ఆవిడ గీసిన గీత దాటడు మహానుభావుడు. టార్పాలిన్ బిగించి, చుట్టూ బండరాళ్లు పేర్చి కాపలా కూర్చున్నాడు.

మేం లోపల ఉండగానే గాలివాన విరుచుకుపడింది. సముద్రం పొంగి వల కొట్టుకుపోయింది, ద్వారం మునిగిపోయింది. నీళ్లు నడుముదాకా వచ్చాయి.

"అన్నయ్యా!" అని గొంతు చించుకున్నాను. అలల హోరులో నా గొంతు నాకే వినబడలేదు.

"మనం పాకలో ఉన్నామనుకుంటాడే," అంది వదిన, నా చెవి దగ్గర.

"నీ చదువు తగలెయ్య!"

గోడ పట్టుకుని కంత దాకా పైకి పాకాం. గబ్బిలాలూ అక్కడికే చేరి మొహాలకి కొట్టుకుంటున్నాయి. ఇక చచ్చిపోతానని నిజంగా భయమేసింది. గుర్తు కోసం గబ్బిలాల బొచ్చు కత్తిరించే బుల్లి కత్తెరతో టార్పాలిన్ కోశాను. జానెడు చీలిక పడిందో లేదో, కత్తెర కాస్తా జారి నీళ్లలో పడింది.

చీలికలోంచి గబ్బిలాలు బిలబిలా బయటికి పోయాయి.

"అదిగో, తోకది! ఎండాకాలం ఇది లేదు!" అని అరిచింది వదిన. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అంతలో చీలిక మీద అన్నయ్య నీడ పడింది. హమ్మయ్య, బతికాం అనుకున్నాను. దాని మీదికి ఇంకో బండ దొర్లించాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నాడు.

మిగిలిన సందులోంచి, చిరుగు అంచుని లోపలికి కూరుతూ అతని చేయి వచ్చింది. రెండు చేతులతో పట్టేసుకున్నాను. గబ్బిలం కరిచిందనుకున్నాడేమో, గట్టిగా విదిలించాడు. నేను వదల్లేదు. వదిన కూడా పట్టుకుంది.

చేయి విదిలించడం ఆగింది. మా వేళ్లని తడుముకుంటూ వచ్చి, వదిన ఉంగరం దగ్గర నిలిచిపోయింది.