తిరుపతమ్మ కోసం కర్నూలులో

కర్నూలు వచ్చిన నాటినుంచీ సుబ్బరత్నమ్మకు ఒకటే నీరసం. కొత్తగా ఏర్పడిన రాష్ట్రానికి రాజధాని అంటూ ఆఫీసులన్నీ ఇక్కడికి తరలించారు. గుమాస్తాలు చాలామంది డేరాల్లో పడ్డారు. పెళ్లాలున్నవాళ్లు పాత ఊళ్లో గదులు వెతుక్కున్నారు. ఆమె భర్త నారాయణరావుకి నాగక్క అనే ఆవిడ ఇంట్లో ఒక వాటా దొరికింది. దొరకడమే మహాభాగ్యం! చుట్టూ నాపరాళ్లు, నెత్తిన ఎండ, పొద్దస్తమానం దుమ్ము. తెనాలి దగ్గర పుట్టి పెరిగిన మనిషికి ప్రాణం ఎలా కుదుటపడుతుంది?

ఆ ఉదయం టెలిగ్రాం వచ్చింది. పుట్టినూళ్లో సుబ్బరత్నమ్మ వాళ్లమ్మ తిరుపతమ్మ పోయింది. దహనం కూడా అయిపోయిందట.

"ఇప్పుడు పరిగెత్తినా కడసారి చూపు దక్కదు రత్నం. దినవారాలకి సెలవు అడుగుతాను," అంటూ నారాయణరావు కళ్లు తుడుచుకుని ఆఫీసుకి వెళ్లాడు. మంచివాడే పాపం. కానీ ఆఫీసు ఆఫీసే కదా!

సుబ్బరత్నమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. ఏడుపు రాలేదు. ఊళ్లో అయితే ఈపాటికి పిన్నమ్మలూ అత్తలూ మెడ పట్టుకుని గొల్లుమనేవాళ్లు. ఇక్కడ ఎవరి ముందు ఏడవాలి? అమ్మ ఎవరో ఎరిగిన మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఏడవకపోతే గుండె పగిలి చస్తానేమోనని భయమేసింది.

"ఏం తల్లీ, పొద్దు ఇంత ఎక్కినా పొయ్యి ఎలిగించలేదే? ఒంట్లో బాగలేదా?" అంటూ నాగక్క గుమ్మంలోకి వచ్చింది.

"మా అమ్మ పోయింది నాగక్కా," అంది సుబ్బరత్నమ్మ, పొడిగా.

నాగక్క చేతిలోని చేట కింద పెట్టేసింది. "అయ్యో నా తల్లీ! ఒక్కదానివే కూచున్నావా? మీ యమ్మ పేరేంది?"

"తిరుపతమ్మ."

అంతే. నాగక్క పక్కన చతికిలబడి, రెండు చేతులూ చాచి, రాగమెత్తింది.

"ఓ యమ్మా తిరుపతమ్మా! జొన్నచేలో కలుపు తీస్తివే తల్లీ! కడవలెత్తుకొని ఎర్రటెండలో నడుస్తివే! ఉన్న రొట్టె బిడ్డకు పెట్టి నువ్వు పస్తు పండుకుంటివే!"

గోడ అవతలి ఆడవాళ్లిద్దరు పరుగున వచ్చారు. పోయిందెవరని అడిగితే ఒట్టు! కూర్చోవడమే ఆలస్యం, వాళ్లూ అందుకున్నారు. పిచ్చిదానిలా చూస్తూ ఉండిపోయింది సుబ్బరత్నమ్మ. ఎవరమ్మ గురించి వీళ్ల ఏడుపు? చూస్తూ చూస్తూ ఒళ్లు మండింది.

"మా అమ్మ అలా కాదు నాగక్కా! రొట్టె చేయడమే రాదు మా అమ్మకి!"

నాగక్క రాగం ఆపి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మరేం జేస్తాండె తల్లీ? చెప్పు, మాకేం తెలుసు?"

"వేడన్నంలో నెయ్యేసి ముద్దలు పెట్టేది. కడవ ఎత్తిందీ లేదు, పెరట్లోనే కాలువ. సాయంత్రం ఆ గట్టున కూర్చోబెట్టుకుని తల దువ్వేది. చిక్కులున్నాయని తిట్టేది. జుట్టు పట్టి లాగేది, నొప్పి పుడుతుంటే..."

నాగక్క ఆమె తలను తన భుజానికి లాక్కుంది. మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి మెల్లగా.

"కాలువ గట్టున తల దువ్వితివే తిరుపతమ్మా! చిక్కు తీసి జడ వేస్తివే! ఇంత దూరం పంపితివని దిగులు పడొద్దే తల్లీ. నీ బిడ్డకు ఈడ మేముండాం. నిమ్మళంగా పో."

అప్పుడు సుబ్బరత్నమ్మ 'అమ్మా' అని వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది.