పెదవి కదపని మాట

బస్టాండులో ఆమెను అందరూ మైకమ్మ అనే పిలిచేవారు. ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో పద్దెనిమిదేళ్లుగా ఆమె గొంతే చెప్పేది. మైకు కట్టేసినా ఆ నోరు మూతపడేది కాదు. ఇంట్లో అక్కతో, బావతో, ఎవరూ లేకపోతే కుక్కరుతో మాట్లాడేది.

ఆమెకు మూర్ఛ కూడా మాట మధ్యలోనే వచ్చేది. కిందపడి కొట్టుకోవడం అరుదు. చెప్తున్న వాక్యం తెగిపోయేది, చూపు ఒకచోట నిలిచిపోయేది, వేళ్లు బల్ల అంచును తడుముతూ ఉండేవి. ఒకటి రెండు నిమిషాలకు తేరుకున్నాక ఎంతవరకు చెప్పిందో గుర్తుండేది కాదు. మూడు రకాల మందులు మార్చినా వారానికి రెండుసార్లు తప్పలేదు. చివరికి ఒకరోజు మైకులో చెప్తుండగానే వచ్చింది. జనమంతా తలలెత్తి స్పీకర్ల వైపు చూశారు. పై అధికారి మంచివాడు కాబట్టి ఉద్యోగం తీసెయ్యకుండా కాగితాల పనిలో పెట్టాడు.

ఎడమ కణత లోపలి భాగంలో మూర్ఛ పుడుతోందని, ఆ కాస్త ముక్క తీసేస్తే తగ్గే అవకాశం బాగా ఉందని డాక్టరు చెప్పాడు.

"అయితే చాలామందికి మాటల చోటు ఆ పక్కనే ఉంటుందమ్మా. మీది ఎక్కడుందో చూడకుండా నేను కత్తి పట్టను."

"మాట పోతుందంటే నాకు ఆపరేషనే వద్దండీ," అంది మైకమ్మ. "మూర్ఛతోనైనా బతుకుతాను గానీ, మూగనోము పట్టి బతకలేను."

"అందుకే ముందు చూద్దామంటున్నాను."

దానికి కోతలు, కుట్లు ఏమీ లేవు. స్కానింగు యంత్రంలో పడుకుని మాటలు తలచుకోవాలి. మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా వెళ్తుంది, ఆ తేడాను యంత్రం పట్టుకుంటుంది. పరీక్ష పెట్టే సైకాలజిస్టు, ముప్పై దాటని అమ్మాయి, ఓపిగ్గా విడమరిచి చెప్పింది.

"తెర మీద కత్తెర బొమ్మ కనిపిస్తే కత్తిరించడం అని మనసులో అనుకోవాలండీ. చుక్క కనిపిస్తే ఊరికే ఉండాలి. పైకి మాత్రం అనకూడదు. దవడ కదిలితే తల కదులుతుంది, తల కదిలితే మీ మెదడు బొమ్మ అలుక్కుపోతుంది."

"ఇంతేనా," అనుకుంటూ మైకమ్మ లోపలికి వెళ్లింది. బయటికి వచ్చేసరికి ఆ అమ్మాయి తల పట్టుకుని కూర్చుంది.

"ఒక్క నిమిషం కూడా ఊరుకోలేదండీ మీ తల."

"నేనేం అనలేదమ్మా. ఒట్టు."

"అన్నారు. కెమెరాలో చూశాను, మైకులో విన్నాను. చీపురు బొమ్మకి 'ఊడవడం, అదీ మూలమూలలా' అన్నారు."

మైకమ్మ ముందు నవ్వింది. వచ్చే వారం మళ్లీ రమ్మన్నాక ఆ నవ్వు ఇంటిదాకా నిలవలేదు.

"నోరు మూసుకుని మాట్లాడటం నాకు రాదక్కా," అంది చెప్పులు విడుస్తూనే.

"మీ బావనడుగు," అంది అక్క. "పాతికేళ్ల కాపురంలో ఆయన చెప్పినవన్నీ లోపలే చెప్పుకున్నాడు."

బావకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. మర్నాడు మరదలిని తీసుకెళ్లి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, చిన్న కాగితం ముక్క చేతికిచ్చాడు.

"పెదవుల మధ్య పెట్టుకో. నాలుక కొన పైపళ్ల వెనక ఆనించు. నేను చూపించినవాటితో ఏం చేస్తారో అనుకో. కాగితం పడితే పైకి అన్నట్టే."

మొదటిరోజు కాగితాలు ఏరుకోవడమే సరిపోయింది.

"నువ్వెలా నేర్చుకున్నావు బావా?"

"మరలు మరీ చిన్నవి. ఊపిరి గట్టిగా వదిలినా ఎగిరిపోతాయి. అందుకే లోపలే మాట్లాడుకుంటాను."

"ఏం మాట్లాడుకుంటావు?"

"ఏవేవో. మీ అక్కకి చెప్పాల్సిన జవాబులే ఎక్కువ."

నాలుగో రోజుకు కాగితం నిలిచింది. ఒక మధ్యాహ్నమంతా ఆమె పెదవి విప్పకుండా, వీధిలో పోయేవాళ్లందరి మీదా వ్యాఖ్యానం చెప్పుకుంది. లోపల ఇంత చోటుందని ఇన్నాళ్లూ తెలియలేదే అనిపించింది.

రెండోసారి యంత్రం గోడకు రంధ్రం చేస్తున్నట్టు మోగుతుంటే మైకమ్మ తాళంచెవితో తీసింది, దువ్వెనతో దువ్వింది, గరిటెతో కలిపింది. తల వెంట్రుకవాసి కూడా కదలలేదు.

వారం తర్వాత డాక్టరు కంప్యూటరులో బొమ్మ చూపించాడు. బూడిదరంగు మెదడులో కుడివైపున నారింజరంగు మచ్చలు.

"మీలాంటి ఎడమచేతి వాటం వాళ్లలో కొందరికి ఇలా ఉంటుంది. మీకు మాటలు ఎక్కువగా కుడివైపే ఉన్నాయమ్మా. మూర్ఛ ఎడమవైపు. మనకు కావలసింది ఇదే."

మైకమ్మ కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. "మాటలన్నీ ఇంత మచ్చల్లోంచేనా?"

"ఇంత చిన్నదానికి అంత గోలా," అంది అక్క. డాక్టరు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

మిగతా పరీక్షలు కూడా ఆ మాటే చెప్పాక ఆపరేషన్ చేశారు. కళ్లు తెరిచాక ఆమె చాలాసేపు పలకలేదు. అక్క మంచం పట్టీ పట్టుకుని నిలబడే ఉంది. చివరికి సన్నగా గొంతు వినిపించింది.

"ఈ మంచం కిర్రుమంటోంది. ఎవరూ నూనె వెయ్యరా?"

అక్క కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది.

కొన్ని వారాలు పేర్లు చప్పున తోచక "అదే, అదేనే" అంటూ తడుముకుంది. తర్వాత అదీ సర్దుకుంది. మందులు మాత్రం ఆపవద్దన్నారు. ఏడాది గడిచినా మూర్ఛ రాలేదు, మైకు మళ్లీ చేతికొచ్చింది.

మూర్ఛ మొదలైన నాటి నుంచి ఆమె స్నానాల గదికి గడియ పెట్టుకోకూడదు. బయట ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. డాక్టరు ఇక ఫరవాలేదన్న రోజు ఇంటికి రాగానే తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లి గడియ వేసుకుంది.

"ఎంతసేపే?" అని అరగంటకు అక్క తలుపు తట్టింది.

"ఇంకా సబ్బే రుద్దుకోలేదు," అని లోపలి నుంచి చెప్పి, మైకమ్మ తాపీగా ఇంకో చెంబు నీళ్లు పోసుకుంది.