ఆఖరి కడుగు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది దెల్ఫినా నానమ్మ, నాన్న, ఒర్సోలా అత్త, నేను. అమ్మకు ఆస్పత్రిలో పగటి డ్యూటీ. భోజనం వేళకు గౌదెంజియో తాత కూడా వచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు. రేకుల పనివాడు. అత్త వాగులో వాడే దోనెను చేసి ఇచ్చింది ఆయనే. దాన్ని వెనక్కి తీసుకుపోవాలో అక్కర్లేదో ఆ రోజు తేలుతుందని వచ్చాడు.

దోనె అంటే పెద్దదేమీ కాదు. బారెడు పొడుగు అల్యూమినియం రేకు, అటూ ఇటూ అంచులు, లోపల అడ్డపట్టీలు, వాటి కింద ఒక గరుకు చాప. ఎల్వో వాగులో నీళ్ళు పారే చోట కాస్త వాలుగా పెట్టి, పై నుంచి కంకర కొద్దికొద్దిగా పోస్తూ ఉంటే రాళ్ళు కొట్టుకుపోతాయి. బరువైన నల్ల ఇసుక పట్టీల వెనక ఆగుతుంది. దానిలో బంగారం ఉంటే ఉంటుంది. ఆ ఇసుకను పళ్ళెంలో వేసి, నీళ్ళలో తిప్పి తిప్పి కడిగితే చివరికి అడుగున నాలుగు పసుపు రేణువులు కనబడతాయి. వీటితో మా ఊళ్ళో ఎవరూ మేడ కట్టలేదు. సెలవు రోజున కొందరు చేపలకు పోతారు, కొందరు దీనికి పోతారు.

తవ్వేది ఎవరైనా కావచ్చు. బకెట్లు మోసేది ఎవరైనా కావచ్చు. పళ్ళెంలో ఆఖరి కడుగు మాత్రం ఆ బంగారం దాచుకునే చిన్న సీసా ఎవరిదో వాళ్ళే కడగాలి. వాగు మీద అదే పద్ధతి. వేరేవాళ్ళు కడిగింది తన సీసాలో పోసుకున్నవాడితో ఎవరూ తగువు పెట్టుకోరు కానీ, అతను సీసా తీసినప్పుడల్లా అందరూ వేరే వైపు చూస్తారు.

పోయిన ఏడు చెస్ట్‌నట్ కాయలు కాల్చే రోజున సెవెరీనో అనే అతను బారులో తన సీసా ఊపి చూపిస్తుంటే అత్త ఊరుకోలేకపోయింది. "ఆ కడిగింది మీ అల్లుడు కదయ్యా, సీసా మీదైనా అతని పేరు రాయించు" అంది. అందరూ నవ్వారు. సెవెరీనో ఎర్రబడిపోయి, "నీ వేళ్ళు చూసుకో ముందు. రేపు నీ సంగతేంటి?" అన్నాడు. అప్పుడు అత్త అందరి ముందూ అనేసింది. "నా చేతులు ఆఖరి కడుగు కడగలేని రోజున, ఆ రోజే గౌదెంజియో వచ్చి దోనె పట్టుకుపోవచ్చు" అని.

అత్తకు కీళ్ళవాతం. ఉన్ని మిల్లులో రఫ్ఫు చేసేది, నేసిన బట్టలో ఎక్కడ పోగు తప్పిందో వేలితో తడిమి కనిపెట్టేది. ఇప్పుడు ఆ వేళ్ళన్నీ ఒక వైపుకి, గాలికి వంగిన గడ్డిలా ఒరిగిపోయాయి. ఈ వసంతంలో వాగు దగ్గర పళ్ళెం రెండుసార్లు చేజారింది. అది గౌదెంజియో తాత చూశాడు. ఏమీ అనలేదు. అత్తే అంది. "అక్టోబరు వరద తగ్గాక ఒక్క రోజు కడుగుతాను. అప్పుడు చూద్దాం."

ఇదిగో, వరద తగ్గింది.

పొద్దున నాన్న తన పాండా కారులో మమ్మల్ని వాగు వంపు దగ్గర దింపాడు. దిగే ముందు అత్తతో, "చలి చూశావా? వద్దు అంటే ఇప్పుడే వెనక్కి తిప్పేస్తా" అన్నాడు.

"నువ్వు పోయి కట్టెలు కొట్టుకో ఫియొరెంజో."

"ఎవరికోసం చెప్తున్నానో..."

"నాకోసమే. తెలుసు. పో."

నాన్న వెళ్ళాడు. ఎవరు పడినా, ఎవరికి జ్వరం వచ్చినా తన మీదకే వస్తుందన్నట్టు మొహం పెట్టుకుని వెళ్ళాడు.

వరద పెద్ద బండ వెనక కొత్త కంకర తెచ్చి పోసింది. నేను దోనెను నీళ్ళలో పెట్టాను. అత్త ఒడ్డున నిలబడి చెప్పింది.

"దోనె తల ఇంకాస్త ఎత్తు. కింద రాయి పెట్టు. అంత కాదే! నీళ్ళు పట్టీ మీద నుంచి దూకుతున్నాయి చూడు. నీళ్ళు దూకితే బంగారం కూడా దూకుతుంది. ఆఁ, అదీ. ఇప్పుడు పట్టీ వెనక సుడి తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"అయితే నా సింహాసనం తీసుకురా."

సింహాసనం అంటే బీరు సీసాల ప్లాస్టిక్ పెట్టె. దాన్ని నీళ్ళలో బోర్లించి, అత్తను భుజం పట్టి కూర్చోబెట్టాను. పార పట్టుకోలేదు కాబట్టి పిండి తీసే చిన్న డబ్బా చేట ఒకటి ఉంది. దాన్ని ఆమె మణికట్టుకు గుడ్డపీలికతో కట్టాను. తర్వాత నేను తవ్వి, జల్లెడ పట్టి, బకెట్ తెచ్చి ఆమె మోకాలి పక్కన పెట్టడం, ఆమె చేటతో కొంచెం కొంచెంగా దోనె తలలో పోయడం. అంతే. గంటలు అలాగే పోయాయి.

నాకు ఆ పని ఇష్టమే. ఆ రోజు మాత్రం మొదటి బకెట్ నుంచే ఒళ్ళు బరువుగా ఉంది. బూట్లలోకి నీళ్ళు వచ్చాయి. తవ్విన గుంటలోకి ఇసుక మళ్ళీ జారుతూనే ఉంది. అత్త మాట్లాడటం మానేసింది. మామూలుగా ఊళ్ళో వాళ్ళందరి గురించీ చెబుతుంది, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఎవరి ఆవు ఎవరి ద్రాక్షతోటలో దూరిందో. ఆ రోజు చేట పోసిన ప్రతిసారీ ముక్కుతో గాలి వదలడం ఒక్కటే వినబడింది.

సూర్యుడు కొండ పైకి వచ్చాక అంది. "చాలు. తియ్యి."

దోనెను కదలకుండా ఎత్తి ఒడ్డుకు తెచ్చాను. చాప విప్పి తొట్టిలో దులిపాను. నల్ల ఇసుక రెండు గుప్పిళ్ళు దిగింది. అత్త పళ్ళెం అడిగింది. చేతుల కింద తొట్టి పెట్టాను, జారిన ఇసుక పోకుండా. ఆమె పళ్ళెంలో ఇసుక పోయించుకుని, నీళ్ళు ముంచుకుని, తిప్పడం మొదలుపెట్టింది.

మొదటిసారి బొటనవేలు పట్టు తప్పింది. పళ్ళెం తొట్టిలో బోర్లా పడింది.

"చల్లటి నీళ్ళు. వేళ్ళు బిగుసుకున్నాయి" అంది.

చేతులు చంకల్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. మళ్ళీ ఎత్తింది. ఈసారి చాలాసేపు తిప్పింది. పైన తెల్ల ఇసుక పోయింది, నలుపు మిగిలింది. ఆ నలుపు అంచున ఒక్క పసుపు చుక్క కనబడినట్టే అనిపించింది నాకు. నోరు తెరిచేలోపు పళ్ళెం మళ్ళీ పడిపోయింది.

అత్త దాన్ని తీయలేదు. తొట్టిలో పడి ఉన్న పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరగకుండానే అంది.

"తెక్లా. ఇంటికి తీసుకెళ్దాం. నేలమాళిగలో కడుగుతానంటాను. దీపం పట్టుకోవడానికని నువ్వు నాతో రా."

"సరే."

"దీపానికి కాదు. నువ్వు కడుగు."

నాకు కడగడం వచ్చు. నేర్పింది ఆమే. ఆమె ఎప్పుడూ నన్ను అలాంటి గొంతుతో ఏదీ అడగలేదు.

"ఎవరికీ తెలియదు" అంది అత్త. "సెవెరీనోకు అల్లుడున్నాడు. నాకు నువ్వున్నావు. అంతేగా."

నవ్వబోయింది, రాలేదు. నేను తలూపాను. అలిసిపోయి తలూపానో, ఒప్పుకుని ఊపానో నాకే తెలియలేదు. నాన్న కారు హారన్ వినబడితే సామాను మోసుకుని పైకి నడిచాం.

ఇంటికి వచ్చేసరికి గౌదెంజియో తాత వాకిట్లో తన బండి వెనక తలుపు, అదే డాలా, దించి ఉంచాడు. బండిలో పాత దుప్పటి ఒకటి పరిచాడు, దోనెకు గీతలు పడకుండా.

నానమ్మ మొక్కజొన్న పిండితో పొలెంతా కలిపి, వెన్న, తోమా చీజ్ వేసి రాగి గిన్నెతోనే బల్ల మీద పెట్టింది. అత్త తడి మేజోళ్ళు విప్పకుండానే కూర్చుంది.

"నా కడుపున పుట్టి, ఈ వయసులో, నీళ్ళలో కూర్చుని ఇసుక జల్లిస్తోంది" అంది నానమ్మ తాతతో. "పక్క వీధి వాళ్ళు అడిగితే చేపలు పడుతోందని చెప్తున్నా. కనీసం చేపలు తినొచ్చు."

"చేపలకు ముళ్ళుంటాయి దెల్ఫినమ్మా."

"దీనికి లేవా? ఆ చేతులు చూడు."

"అమ్మా, తిననివ్వు" అన్నాడు నాన్న. తర్వాత మెల్లగా అత్త వైపు తిరిగాడు. "నా మాట వింటావా? తాతకు ఇచ్చెయ్. ఆయన ఎవరికైనా పనికొచ్చేలా ఇస్తాడు. మనింట్లో దొడ్లో పడి ఉండదు."

"ఇంకా కడగలేదు నేను" అంది అత్త.

"మరి అక్కడే ఎందుకు కడగలేదు?"

నేను పొలెంతా వైపు చూశాను. గిన్నె అంచున చీజ్ తీగలా సాగి ఆగిపోయింది.

"చలి" అంది అత్త. "కింద వేడినీళ్ళు కలుపుకుని కడుగుతాను. తెక్లా దీపం పట్టుకుంటుంది."

నాన్న గ్లాసులో వైన్ తాగి, తాత వైపు చూశాడు. "తాతా, మీరు కిందకు దిగి చూస్తారుగా? లేకపోతే రేపు బారులో వంద మాటలు."

"నేనెందుకు చూడాలి?"

"మరి తేలేదెలా?"

గౌదెంజియో తాత రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకున్నాడు. తొందరేమీ లేదు ఆయనకు. "అది కింద నుంచి వచ్చి 'కడిగాను' అంటే నా డాలా ఎత్తేసుకుని పోతాను. 'కడగలేదు' అంటే దోనె ఎక్కించుకుని పోతాను. అంతకంటే ఏం తేలాలి?"

"చూడకుండానే?"

"ఒర్సోలా చెప్తుంది కదా."

నానమ్మ పెదవి విరిచింది. "అది చిన్నప్పుడు చక్కెర డబ్బా ఖాళీ చేసి, చీమలు తిన్నాయని చెప్పేది."

"చక్కెర వేరు" అన్నాడు తాత. "నా కళ్ళు ఇప్పుడు అంత బాగా లేవు దెల్ఫినమ్మా, చూసినా ఏం చూస్తాను? కానీ ఒర్సోలా కడిగానంటే కడిగినట్టే. సెవెరీనోతో కూడా అదే చెప్తా."

అత్త చెంచా కింద పెట్టింది. దాని పిడికి గుడ్డ చుట్టి ఉంటుంది, పట్టుకోవడానికి వీలుగా. చాలాసేపు ఆ గుడ్డ కొసను బొటనవేలితో నొక్కుతూ ఉంది. తాత నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే నా మొహం మీద అంతా చదివేసేవాడేమో.

"తెక్లా, లే" అంది అత్త.

బకెట్, తొట్టి, పళ్ళెం, కెటిల్‌లో వేడినీళ్ళు అన్నీ నేనే పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగాను. అత్త గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగింది. కింద పాత వైన్ వాసన, బంగాళాదుంపల వాసన. నేను దీపం వేశాను. రాతి తొట్టి పక్కన స్టూలు వేసి, నీళ్ళు కలిపి వేడి చూశాను. నల్ల ఇసుక పళ్ళెంలో పోశాను. చొక్కా చేతులు పైకి మడిచాను. మడుస్తుంటే నాకు అలసట, ఎంత అలసట అంటే అక్కడే బంగాళాదుంపల గోనె మీద పడుకోవాలనిపించింది. త్వరగా కడిగేస్తే అయిపోతుంది, పైకి వెళ్ళి పొడి మేజోళ్ళు వేసుకోవచ్చు, అంతే అనుకున్నాను.

అత్త ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"అన్నీ పెట్టావా?"

"పెట్టాను."

"నీళ్ళు వేడిగా ఉన్నాయా?"

"ఉన్నాయి. రా, కూర్చో. తలుపు వేసేస్తాను, ఎవరైనా వస్తే..."

"చేతులు దించుకో."

నాకు అర్థం కాలేదు.

"చొక్కా చేతులు. దించుకుని పైకి పో."

"అత్తా, నువ్వే కదా..."

"అన్నాను. చలిలో ఏదో అన్నాను. గౌదెంజియో చూడ్డానికి వస్తానంటే నువ్వే కడిగి ఉండేదానివి. నేనూ పక్కన కూర్చుని పళ్ళికిలించేదాన్ని." ఆమె గొంతు బొంగురుగా ఉంది. "ముసలాడు చూడనన్నాడు, నా మాటే చాలన్నాడు. ఇంక ఏం చెయ్యను?"

"పడిపోతే?"

"పడితే మళ్ళీ ఎత్తుతా. తొట్టి ఉందిగా కింద."

"మళ్ళీ పడితే?"

"పైకి వచ్చి పడిందని చెప్తా. ఆయన డాలా ఎలాగూ దించే ఉంది."

"దీపమైనా పట్టుకుంటా. నేను ముట్టుకోను. ఒట్టు."

"నువ్వు ఇక్కడుంటే నేను మళ్ళీ అడుగుతాను తెక్లా."

ఆ మాట అని ఆమె నా వైపు చూడలేదు. లోపలికి వచ్చి, నా మోచేతిని తన మణికట్టుతో నెట్టింది, వేళ్ళతో పట్టుకోలేక. నేను గడప దాకా వెనక్కి నడిచాను. అక్కడ ఆగిపోయాను. నా కాలు ఇంకా గడప మీదే ఉంది.

పైన నానమ్మ తాతను ఇంకొంచెం పొలెంతా వేసుకోమంటోంది. తాత వద్దంటున్నాడు, నానమ్మ వేసేసింది.

అత్త నా కాలు వైపు చూస్తూ నిలబడింది. నేను తీసేదాకా కదలలేదు. తీశాక భుజం తలుపుకు ఆనించింది. తేమకు ఉబ్బిన పాత తలుపు రాతినేల మీద సగం దాకా వచ్చి పట్టేసింది. నేను లాగడానికి చెయ్యి చాచాను.

"వద్దు" అంది లోపల నుంచి.

ఒకసారి ఊపిరి తీసుకుంది. నడుముతో మళ్ళీ నెట్టింది. తలుపు మూసుకుంది.