నడవలోని జాలీ

మా ఎల్మీర్ అక్క మొండిఘటం. ఆవిడకి డెబ్భై రెండు, నాకు అరవై నాలుగు. ఇప్పటికీ గుమ్మంలోనే ఆపి, బూట్లు విప్పి రారా అంటుంది. నేను ఇళ్ళు కట్టేవాణ్ణి. గీసేదీ నేనే, మేకు కొట్టేదీ నేనే. లూసియానా దక్షిణాన ఈ కాలువ పొడుగునా నా చేతి ఇళ్ళు పన్నెండున్నాయి. ఒక్కదానికీ ఏసీ అక్కర్లేదని ఊరంతా డప్పు కొట్టుకుని తిరిగాను.

కిటుకు పెద్దదేం కాదు. ఇల్లు ఎనిమిదడుగుల స్తంభాల మీద నిలబడుతుంది కనుక కింద రోజంతా నీడే. నడవ మధ్య చెక్క నేలని బల్లంత మేర కోసి ఇనప జాలీ బిగిస్తాను. కప్పు నెత్తిన చిన్న కిటికీలతో ఒక గూడు పెడతాను. వేడిగాలి ఆ గూట్లోంచి బయటికి పోతూ ఉంటే, ఇంటి కిందున్న చల్లగాలి జాలీలోంచి పైకి వస్తుంది. ఆగస్టు మిట్టమధ్యాహ్నం దాని పక్కన నిలబడితే చొక్కా ఆరిపోవాల్సిందే.

అక్కకి మాత్రం అది గిట్టదు. ఆ చల్లగాలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయంటూ జాలీ మీద పాత తివాచీ పరిచింది. పోయిన ఆదివారం అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంత బుర్ర పెట్టి నీకు ఇల్లు కట్టి ఇస్తే దాని ముక్కు మూస్తావా?" అని అరిచి, తివాచీ చుట్టి ట్రక్కులో పడేసుకున్నాను.

"పట్టుకుపో! నా మోకాళ్ళ కంటే నీ జాలీయే ఎక్కువైంది నీకు!" అని వెనక నుంచి అక్క కూడా అరిచింది.

మంగళవారం తుఫాను వచ్చి పోయింది. బుధవారం ఉదయం అక్క ఫోను చేసింది.

"ఒరేయ్ ఒవీడ్, కరెంటు లేదు. ఫ్రీజర్ నిండా రొయ్యలున్నాయి. జెనరేటర్ పెరట్లో పెడదామంటే ఇంకా చినుకులు పడుతున్నాయి. ఎవడైనా ఎత్తుకుపోయినా దిక్కులేదు."

"ఇంటి కింద పెట్టుకో. వాన తగలదు, దొంగ కంట పడదు. నేను అందరికీ అదే చెప్తాను."

"సరే, పక్కింటి ఫెలీసియన్ ఊరొదిలి వెళ్ళేలోపు వాడి చేత పెట్టిస్తాలే."

ఆ తర్వాత ఫోన్లు పనిచెయ్యడం మానేశాయి.

మధ్యాహ్నానికి దోమలు మొదలయ్యాయి. మా ఇంటి కింద, విరిగిన కొమ్మలు కోస్తున్న చోట, దోమలబత్తి వెలిగించి పెట్టాను. కాఫీ కోసం పైకి వెళితే నడవంతా దాని వాసన. జాలీలోంచి సన్నటి పొగ నిటారుగా లేచి కప్పు గూటికేసి పోతోంది. గాలే లేని రోజు కూడా ఎంత బాగా లాగుతోందో అని మురిసిపోయాను. మెచ్చుకుంటూ చూస్తున్నాను, పిచ్చివెధవని.

అప్పుడు గుర్తొచ్చింది. అక్క ఇంటి కింద జెనరేటర్ ఆడుతోంది. దాని పొగలోని విషవాయువుకి రంగూ వాసనా ఉండవు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. జాలీ మీది తివాచీ నా ట్రక్కులో ఉంది.

ఫోను తీశాను, సిగ్నల్ లేదు. ట్రక్కెక్కాను. అక్క ఇంటికి తొమ్మిది మైళ్ళు. రెండు చోట్ల రోడ్డుకి అడ్డంగా చెట్లు పడి ఉన్నాయి. ఒకదాన్ని రంపంతో కోశాను, రెండోదాన్ని తప్పించుకోవడానికి చెరుకుతోటలోకి దిగి చుట్టు తిరిగి వచ్చాను. "మూర్ఖుడా, ఆ తివాచీ నీకేం అడ్డమొచ్చిందిరా" అని నన్ను నేనే తిట్టుకుంటూ నడిపాను.

మలుపు తిరగ్గానే మోటారు చప్పుడు వినిపించింది. తుఫాను తట్టుకోవడానికి కిటికీలకి కొట్టిన చెక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. పైన గూడు మాత్రం బార్లా తెరిచే ఉంది. దాన్ని ఎప్పుడూ మూయనక్కర్లేదని ఆవిడకి చెప్పింది నేనే.

మోటారు ఆపి మెట్లెక్కాను.

"అక్కా! ఎల్మీరక్కా!"

పలకలేదు. చొక్కా ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళాను. నడవ మధ్యలో కాలికి ఏదో తగిలి పడబోయాను. దేవదారు పెట్టె. దాని కింద రెండు బొంతలు మడతలు వేసి ఉన్నాయి. వాటి కింద నా జాలీ. అక్క వంటింటి గుమ్మంలో గోడకి జారబడి ఉంది, ఒళ్ళో డోకుకున్న గిన్నె.

"అరవకురా," అంది కళ్ళు తెరవకుండా. "తల పగిలిపోతోంది."

ఆవిణ్ణి ఎత్తుకుని పెరట్లోకి మోసుకొచ్చి పచ్చగడ్డి మీద పడుకోబెట్టాను. నా ఏడుపు ఆగలేదు. అక్క ఇంకోసారి డోకుకుని, కాసేపు గాలి పీల్చుకుని నా వంక చూసింది.

"తివాచీ ఎత్తుకుపోతే నా దగ్గర ఇంకేం లేవనుకున్నావా, దొంగసచ్చినోడా?"

"నీ మొండితనమే నిన్ను బతికించిందక్కా," అని జరిగింది చెప్పాను. కింద పొగ, పైన గూడు, మధ్యలో జాలీ. పెట్టె సందుల్లోంచి వచ్చిన కాస్తకే ఇంతైందని చెప్పాను. ఆవిడ తిట్టలేదు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒరేయ్. పొద్దున ఫోన్లో అందరికీ అదే చెప్తానన్నావు కదూ?"

చెప్పాను. తాళాలు చేతికిచ్చిన ప్రతి ఇంటివాళ్ళకీ, మెట్ల మీద నిలబడి, వేలు పెట్టి చోటు చూపించి మరీ చెప్పాను.

అక్కని ట్రక్కులో కూర్చోబెట్టాను. ఆసుపత్రికి కాలువ గట్టు మీదుగానే వెళ్ళాలి. కాలువకి రెండు వైపులా మోటార్లు ఆడుతున్నాయి. పొద్దున ఇదే చప్పుడు విని, పోనీలే, జనం ఫ్రీజర్లలో సరుకు పాడవ్వదు అనుకున్నాను.

"ముందు ఎవరిల్లు?" అంది అక్క.

"క్లెలీ వాళ్ళది. ఈ వసంతంలోనే కట్టాను."

"నెలల పిల్ల ఉన్న అమ్మాయేనా?"

"ఆ."

"నా సంగతి తర్వాత. పోనీ, తొందరగా పోనీ!"

ఇల్లు కనిపించకముందే హారన్ నొక్కి పట్టాను. వరండాలోకి ఎవరూ రాలేదు. కప్పు మీది గూడు తెరిచే ఉంది, ఇంటి కింద మోటారు ఆడుతోంది. ట్రక్కు ఆపీ ఆపకముందే దూకి పరిగెత్తాను. క్లెలీ నా మాట వినే పిల్ల. ఆ జాలీ మీద గుడ్డపీలిక కూడా పరచనని ఆ అమ్మాయి చేత ఒట్టు వేయించుకున్నది నేనే.