డి డ్రైవులో ఉమాపతి

నేను ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీని. లైబ్రరీ అనగానే బీరువాలూ, దుమ్మూ, ఫ్యాను కింద కునికిపాట్లు పడే పెద్దమనిషీ గుర్తొస్తే తప్పు మీది కాదు. నాకంత వైభవం లేదు. వేరే ప్రోగ్రాములు తమకు చేతకాని పని చేయించుకోవడానికి పిలుచుకునే కోడు ముక్కను. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఇప్పటి కంప్యూటర్లకు ఇంగ్లీషు అక్షరాల గందరగోళంలా కనిపిస్తుంది. దాన్ని మళ్ళీ తెలుగు చెయ్యడం నా పని. పనిలో నాకు వంక పెట్టలేరు. కొత్త ఇంట్లో అడుగు పెట్టడమే నాకు చేతనయ్యేది కాదు.

నన్ను రాసింది కాకినాడలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు ఉమాపతి గారు. నన్ను ఒక కంప్యూటర్లో ఎక్కించాలంటే ముందు మరో అరడజను సాఫ్ట్‌వేర్లు ఎక్కాలి, అవీ నాకు నచ్చిన వరసలోనే. ఒక్కటి తప్పినా అలిగి కూర్చునేదాన్ని. అది చాలదన్నట్టు, నాకు ప్రాణంలాంటి అక్షరాల పట్టిక నా దగ్గర ఉండేది కాదు. దాన్ని డి డ్రైవులో 'ఉమాపతి' అనే ఫోల్డరులో వెతుక్కునేదాన్ని. ఆయన ఇంటి కంప్యూటర్లో అది అక్కడే ఉంది కాబట్టి అలాగే రాసేశారు. ఊరు మారి, ఇల్లు మారి, ఎవరి కంప్యూటర్లోకి వెళ్ళినా నేను ఆయన ఫోల్డరు కోసమే వెతికి, దొరక్క, చేతులెత్తేసేదాన్ని.

సంగతి తెలిశాక ఆయన నన్ను బాగుచెయ్యలేదు. బస్సెక్కారు. ఎవరు పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళ డి డ్రైవులో తన పేరుతో ఫోల్డరు పెట్టి, పట్టిక అందులో వేసి వచ్చేవారు. కాఫీలు, ఉప్మాలు, "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళమండీ" అనే మాటలు. చుట్టుపక్కల ప్రెస్సుల్లో ఆయన ఫోల్డరు లేని కంప్యూటరు లేదు. నేనూ మురిసిపోయాను. ఇన్ని మర్యాదలు జరిగిన సాఫ్ట్‌వేరు మరొకటి ఉంటే చూపించండి. దూరపువాళ్ళ కోసం ఒక గైడు కూడా తయారుచేశారు. అందులో మాటలు తక్కువ, బొమ్మలూ ఎర్ర బాణాలూ ఎక్కువ.

"ఒక సాఫ్ట్‌వేరు ఎక్కించడానికి బస్సెక్కే మనిషిని మిమ్మల్నే చూశానండి," అనేది ఆయన భార్య జలజ.

అలాంటి మనిషి స్నానాలగదిలో జారిపడి కాలికి కట్టుతో మంచం ఎక్కిన వారంలోనే ఏలూరు నుంచి సుభద్ర ఫోను చేసింది. ఆమెకు చూపు లేదు. తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేరుతో చదువుకుంటుంది. వచ్చే వారం తెలుగు లెక్చరరు ఉద్యోగానికి పరీక్ష. తనకు పాఠాలు చెప్పిన గురువుగారు ఇచ్చిన నోట్సంతా పాత ఫాంటులో ఉంది.

"పొద్దున్నించీ అది నాకు హ్యాష్, పర్సెంట్, కామా అని చదివి వినిపిస్తోందండి," అంది. "వయసు దాటిపోతోంది సార్. ఈ పరీక్షే నాకు ఆఖరు."

"గైడు తెరవండమ్మా. మూడో బొమ్మలో ఎర్ర బాణం ఉంది చూశారా..."

"బొమ్మలు నాకు కనపడవు కదండీ. ఏం టైపు చెయ్యాలో చెప్పండి, చేస్తాను. ఇంకోటండీ, నా కంప్యూటర్లో సి డ్రైవు ఒక్కటే ఉంది. డి లేదు."

ఉమాపతి గారు అలవాటు కొద్దీ "నేనే వచ్చి" అనబోయి, కాలి కట్టు చూసుకుని ఆగిపోయారు.

ఆ సాయంత్రం నన్ను విప్పారు. అరడజను సాఫ్ట్‌వేర్లలో సగం నాకు అక్కర్లేనివేనని తేలింది. ఒకటైతే పని ఎంతవరకు వచ్చిందో రంగుల్లో చూపించే ముచ్చట కోసం పెట్టింది. ఇన్నాళ్ళూ నా గొప్పతనమనుకున్నది ఒట్టి లగేజీ. దాన్నంతా దించేసి, పట్టికను నాలోనే పెట్టి, ఒక్క వాక్యం టైపు చేస్తే చాలు ఇంటర్నెట్ నుంచి నేనే మిగతా సగాన్ని వెంటబెట్టుకుని వచ్చి కూర్చునేలా మూట కట్టారు. ఇంటర్నెట్‌లోకి పంపించే ముందు మాత్రం ఆయన వేలు ఆగింది.

"ఇది వెళ్ళిపోతే ఇక నన్నెవరు పిలుస్తారే," అన్నారు.

"ఆ అమ్మాయి పిలుస్తూనే ఉందిగా. మీరే వెళ్ళలేకపోతున్నారు," అంది జలజ.

ఆయన మీట నొక్కి, టైపు చెయ్యాల్సిన వాక్యాన్ని సుభద్రకు మెసేజి పెట్టారు. తర్వాత ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అది మోగలేదు. మర్నాడు కూడా మోగలేదు. మళ్ళీ ఏదో పాడుచేశాననుకుని బెంగపడి, చివరికి తనే చేశారు.

"ఏమ్మా, ఎక్కలేదా?"

"నిన్ననే ఎక్కేసిందండి. అడగడానికేం లేక చెయ్యలేదు. ఏమనుకోకండి సార్."

ఆమె మాట వెనకాల కంప్యూటరు గొంతు తెలుగు ఛందస్సు పాఠం చదువుతోంది. కాస్త యాసగా చదువుతోంది గానీ అక్షరం పోవడం లేదు. ఉమాపతి గారు ఆ పాఠం అయ్యేదాకా విన్నారు.

"అమ్మా, అక్కడ నా పేరుతో ఫోల్డరేదైనా వచ్చిందా?"

"లేదండి. పెట్టమంటారా?"

"వద్దమ్మా. మీరు చదువుకోండి."

ఆయన ఫోను పెట్టేశారు. నేను సుభద్ర కంప్యూటర్లో తర్వాతి పాఠం మొదలుపెట్టాను. నేనొచ్చినందుకు ఇక్కడ ఎవరూ ఉప్మా చెయ్యలేదు. నా పేరు కూడా ఆమెకు గుర్తుండదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.