ఇంకుడుకి ఇంగ్లీషు

ఏడో ‘ఇంగ్’ మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీసి, సోమయాజులు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

“నీళ్ళు నీ కళ్ళముందే ఆవిరవుతుంటే ‘ఈజ్ ఎవాపరేటింగ్’ అను. ఎల్లకాలం జరిగే పనికి ఉత్త ‘ఎవాపరేట్స్’ చాలమ్మా. ఎన్నిసార్లు చెప్పాను?”

“మస్తు సార్లు చెప్పిన్రు సార్. రాసేటప్పుడు చెయ్యి ఆగది,” అంది భాగ్య తల దించుకుని.

క్యాంపస్ లైబ్రరీ వెనక సిమెంటు బెంచీ. ఉదయం ఎనిమిది దాటింది. చీర మీద ఖాకీ కోటు వేసుకున్న భాగ్య చీపురు గోడకి ఆనించి వచ్చి కూర్చుంది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, ఈ రోడ్లు ఊడుస్తూనే ఓపెన్ డిగ్రీ కట్టింది. అన్నీ పాసైంది, ఒక్క ఇంగ్లీషు తప్ప. రెండుసార్లు పోయింది. ఈ మధ్యాహ్నం రెండింటికి మూడోసారి. డిగ్రీ చేతికొస్తే లైబ్రరీ కౌంటర్లో కూర్చోబెడతామని పైవాళ్ళు మాటిచ్చారు. ఈసారి కూడా పోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

ప్రకృతిలో జరిగే పని ఒకటి వివరించమని ఆ పేపర్లో ప్రతిసారీ ఓ ప్రశ్న ఉంటుంది. అక్కడే ఆమె రెండుసార్లూ బోర్లా పడింది. అందుకే నెలరోజులుగా సోమయాజులు సీతాఫల్‌మండిలో ఇంటి నుంచి తార్నాకలో తాను టైపు చేసే షాపుకి వెళ్ళే దారిలో ఇక్కడ ముప్పావుగంట ఆగుతున్నాడు. అడిగితే ఆయనేం ఇంగ్లీషు మాస్టారు కాదు. ఇంటర్ చదివి, టైపు హయ్యర్ పాసైన మనిషి. ముప్ఫై ఒక్కేళ్ళుగా విద్యార్థుల థీసిస్‌లు టైపు చేసీ చేసీ, ఏ వాక్యం కుంటుతుందో వేళ్ళకే తెలిసిపోయేంతగా ఆ భాష వంటబట్టింది. బక్కపలచని ఒళ్ళు, మోచేతిదాకా మడిచిన తెల్లచొక్కా, చివర్లు చదునైపోయిన వేళ్ళు. చూడ్డానికి ఇంతే మనిషి.

“వాననీళ్ళు భూమిలోకి ఎలా పోతాయి? ముందు మన భాషలో చెప్పు. వరసగా. మొదట ఏం జరుగుతుంది, దానివల్ల తర్వాత ఏమవుతుంది.”

భాగ్య కోటు జేబులో చేతులు పెట్టుకుని గడగడా చెప్పింది. తప్పులేదు. కాగితం మీద పెట్టమన్నాడు. నాలుగు వాక్యాలు బుద్ధిగా నడిచాయి. ఐదో వాక్యం చూసి ఆయనకి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, గుండె పట్టుకుని, మళ్ళీ నవ్వాడు.

‘వాటర్ ఇంక్స్ ఇంటూ ద సాయిల్’ అని రాసింది మహాతల్లి.

“ఇంక్ అంటే సిరా కదమ్మా!”

“గది నాకెర్కనే సార్. గని ఇది నీళ్ళు ఇంకుడు గద? నిరుడు ఎండకాలం గీడనే నాలుగు ఇంకుడు గుంతలు తవ్వినం. ఇంగ్లీషుల గూడ గదే మాట ఉంటదనుకున్న.”

“సీప్స్ అనాలి. ఎస్, రెండు ఈలు, పి, చివర ఇంకో ఎస్.”

ఆమె కూడబలుక్కుని రాసుకుంది. “మన మాటనే మంచిగుండె,” అని గొణిగింది.

“మంచిగానే ఉంది. పరీక్షలో మాత్రం సీప్స్.” అంటూనే ఆయన పెన్ను మళ్ళీ కదిలింది. “ఇదేంటి, ‘వి డగ్ ద పిట్స్’? ఇలాంటివి రాసేటప్పుడు ‘ఐ’ లేదు, ‘వి’ లేదు. మనుషులెవరూ కనపడకూడదు. నీళ్ళ పని నీళ్ళు చేసుకుపోవాలి, అంతే.”

“గట్లెట్ల సార్? గడ్డపార నా చేతులనే ఉండె. బొబ్బలు గూడ లేసినయ్. మేం తవ్వకుంటే గా రాళ్ళల్ల నీళ్ళెట్ల ఇంకుతయ్?”

సోమయాజులు పెన్నుకి మూత పెట్టాడు. నాలుగొందలకి పైగా థీసిస్‌లు టైపు చేశాడు. ప్రతి దాంట్లో ముందు కృతజ్ఞతల పేజీ ఉంటుంది. గైడుకి, భార్యకి, హాస్టల్లో వంటాయనకి కూడా వందనాలు. ఏ ఒక్కదాంట్లోనూ తన పేరు లేదు. దానికాయన ఏనాడూ నొచ్చుకోలేదు. పైగా ఆ పేజీలో పేర్ల స్పెల్లింగులు రెండోసారి సరిచూసేవాడు. ఈ పూట ఎందుకో ఆ పేజీలే గుర్తొచ్చాయి.

“తవ్వింది నువ్వే, కాదన్లేదు. దిద్దేవాడికి ఆ సంగతి అక్కర్లేదు తల్లీ. నాకు తెలుసుగా,” అన్నాడు.

భాగ్య ఆ వాక్యం తానే కొట్టేసింది. పరీక్షయ్యాక నేరుగా షాపుకే వస్తానంది. “రా. ఏం రాశావో ముక్కముక్కా చెప్పాలి,” అని ఆయన లేచి గేటు వైపు నడిచాడు.

తార్నాకలో రఘువీర్ నడిపే డీటీపీ షాపు అద్దాల గది. ఏసీ ఉంటుంది, ధరల స్టిక్కర్లతో అద్దమంతా నిండిపోయి ఉంటుంది. సోమయాజులు మధ్యాహ్నందాకా నేలల గురించిన ఒక థీసిస్ టైపు చేశాడు, పెరుగన్నం తిన్నాడు, రెండు కాగానే గోడ గడియారం వైపు చూశాడు. “మా భాగ్య ఈపాటికి మొదలుపెట్టి ఉంటుంది,” అన్నాడు. మా భాగ్య ఎవరని రఘువీర్ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నాలుగున్నరకి కీబోర్డు చప్పుడు ఆగింది. పెద్దాయన కునుకు తీస్తున్నాడనుకున్నాడు రఘువీర్. పావుగంటకి టీ తెచ్చి భుజం తట్టాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు. అంబులెన్సు వచ్చింది, దగ్గర్లో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. దారిలో ఎవరూ ఏమీ చేయగలిగింది లేకపోయింది. కుర్చీలోనే అయిపోయిందట. ఆ కంగారులో రఘువీర్ లైట్లు కూడా ఆర్పకుండా, తలుపు లాగేసి ఆ బండిలోనే వెళ్ళాడు.

ఐదున్నరకి భాగ్య పరుగులాంటి నడకతో వచ్చింది. చేతిలో నాలుగు మడతల ప్రశ్నపత్రం. ఒక్క ‘ఇంగ్’ రాయలేదు. ఒక్క మనిషి పేరెత్తలేదు. పదకొండు వాక్యాలు వరస తప్పకుండా రాసింది. ఈసారి తప్పకుండా పాసవుతుందని ఆమెకు తెలుసు. ఆ మాట ముందు సారుకి చెప్పాలి, ఇంట్లో తర్వాత చెప్పుకోవచ్చు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. స్టిక్కర్ల సందుల్లోంచి వెలుతురు కనబడుతోంది. గడప బయట సారు చెప్పులున్నాయి. హమ్మయ్య, లోపలే ఉన్నాడు! టైపు మధ్యలో పిలిస్తే ఆయనకి చిరాకు. వచ్చేదాకా కూర్చుందామని మెట్టు మీద చతికిలబడి, చెప్పాల్సిందంతా నోట్లోనే ఒకసారి అనుకుని చూసుకుంది. నవ్వొచ్చింది.

ఒక చెప్పు బోర్లా తిరిగి ఉంది. ఎవరి కాలు తగిలిందో. దాన్ని సరిచేసి, బయటికి రాగానే తొడుక్కోడానికి వీలుగా రెంటినీ జతచేసి, రోడ్డు వైపు తిప్పి పెట్టింది. మడమల దగ్గర అరిగి పల్చబడ్డ ఆ తోలు చెప్పులు, వీధికి ఎదురుగా, పక్కపక్కనే ఉన్నాయి.